పరమాణు గర్భమున నొక వింత యతిథి

వాకిట వేసిన ముగ్గును చూచి అది ఏ యింటి కోడలు వేసినదో చెప్పగల ముదుసళ్లు మన గ్రామములలో నుండెడివారు. గీత లావుగా నున్నచో చేయి మెల్లగా సాగినదనియు, పలుచగా నున్నచో త్వరపడినదనియు, మధ్యమధ్య వంకర పోయినచో వేయువారి మనస్సు మఱియొకచోట నున్నదనియు వారు పోల్చెడివారు. మేమీ వ్యాసమున చెప్పబోవునది భౌతికశాస్త్రములోని కఠిన విషయములలో నొకటి. అయినను దాని మూలము ఇట్టి గీతలు చదువు విద్యయే యగుటచే, సోదరీమణులు పేరు చూచి భయపడక తుదివఱకు చదువవలెనని కోరుచున్నాము.

ప్రతి పరమాణువు నడుమను కేంద్రకమను గింజ యొకటి యున్నది. ప్రోటానులు, న్యూట్రానులు అను రెండు జాతుల కణము లందు కాపురముండును. వీనిని కంటితో చూచుట యసాధ్యము. కాని విద్యుత్తు గల కణ మేదైనను ఫోటో పలకమీది పూతలోనుండి దూసికొని పోయినచో, పలకను కడిగిన పిమ్మట దాని త్రోవ పొడుగునను వెండి రేణువులు నల్లని చుక్కలుగా తేలును. మెల్లగా పోవు కణము చుక్కలను దట్టముగా విడుచును. వేగముగా పోవునది పలుచగా విడుచును. తేలికైనది త్రోవలో వంకరలు తిరుగును. సూక్ష్మదర్శినితో ఆ గీతను చదివి, పోయినవా రెవరో చెప్పవలెను.

ఈ విద్యకు ఆదిగురువులలో నొకరు వియన్నా నగరపు స్త్రీ, మారియెట్టా బ్లౌ. ఆమెయు హెర్తా వాంబాఖరును 1937లో ఆల్ప్సు పర్వతముపై నుంచిన పలకలలో, ఆకాశమునుండి పడు కిరణము తగిలి కేంద్రకము ముక్కలైన గుర్తులను, నక్షత్రము వలె అన్నివైపులకును చిమ్మిన గీతలను, కనుగొనిరి. మన దేశమున బిభా చౌధురి యను వంగ వనిత, దేవేంద్రమోహన బోసుగారితో కలిసి, డార్జిలింగు ప్రాంతపు కొండలపై పలకల నుంచి, ఎలక్ట్రానుకంటె సుమారు 200 రెట్లు బరువైన మెసాను గీతలను 1940–42 నడుమ కొలిచినది. యుద్ధకాల మగుటచే మేలైన పలకలు వారికి దొరకలేదు. అటుపిమ్మట మేలైన పలకలతో ఆ మార్గముననే బ్రిస్టలునందు పనిచేసిన పవెలుగారికి 1950లో నోబెలు బహుమానము లభించెను. బిభా పేరు చాలకాల మెవ్వరికిని జ్ఞాపకము రాలేదు. 2019లో మాత్రము దూరపు నక్షత్ర మొకదానికి ‘బిభా’ యని పేరిడిరి. కొంచె మాలస్యముగా వచ్చిన గౌరవమని మా యభిప్రాయము.

ఆ బ్రిస్టలు ప్రయోగశాలలో పలకలను చూచుట కనేకమంది యువతుల నియమించియుండిరి. దినమంతయు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, అంగుళ మంగుళమును గాలించుట వారి పని. 1947లో పై మెసానును పట్టియిచ్చిన గీతను మొదట చూచినది వారిలో మారియెట్టా కుర్జు అను నామె. మఱుసటి యేట రోజ్‌మేరీ బ్రౌను అను ఇరువది రెండేండ్ల విద్యార్థిని తన పలకలో నొక విచిత్రమును చూచెను. ఎక్కడనుండియో వచ్చిన కణ మొకటి నిలిచిపోయి, మూడు పై మెసానులుగా విడిపోయినది. అంతవఱ కెఱిగిన కణములలో నేదియు నట్లు ప్రవర్తింపదు. ఆ గీతకు ‘కె’ యని గుర్తు పెట్టిరి. నేడు లోకమంతయు కె మెసాను అని పిలుచు కణ మదియే. ఆమె 1949లో పీటరు ఫౌలరు అను భౌతికశాస్త్రజ్ఞుని వివాహమాడి, పట్టము పుచ్చుకొనకయే చదువు విడిచినది. (ఆ వరుడు కేంద్రకమును కనుగొన్న రూథర్ఫర్డుగారికి దౌహిత్రుడు.) ఆమె పట్టముమాట తరువాత చెప్పెదము. ఈ కె మెసానుతో మన కథకు మిక్కిలి పని యున్నది.

1952లో వార్సా నగరమున డానిషు, ప్నెవ్స్కీ అను ఇరువురు పండితులు, బెలూనునకు కట్టి 20 కిలోమీటర్లకు మించిన యెత్తునకు పంపిన పలకను పరిశీలించుచుండిరి. అందొక కేంద్రకము పగిలి నక్షత్ర మేర్పడియున్నది. అది క్రొత్త గాదు. కాని ఆ పగులునుండి బయలుదేరిన ముక్క యొకటి వెంట్రుకవాసి దూరము పోయి, పూర్తిగా ఆగి, ఆగిన చోటనే తిరిగి పగిలినది. ఒక గీతకు రెండు కొనలయందును రెండు నక్షత్రములు! ఆగిపోయిన ముక్క మరల నేల ప్రేలవలెను? దానిలో ఏదో బ్రదికియుండి, కొంత తడవునకు చచ్చినది. ఆ యేదో లాంబ్డా యను కణమని వారు గ్రహించిరి. ఇట్టి వింత కణము నిముడ్చుకొన్న కేంద్రకమునకే హైపర్ కేంద్రకమని పేరు.

లాంబ్డా ప్రోటానుకంటె నూటికి సుమారు 19 పాళ్లు బరువు. ప్రోటాను న్యూట్రానులలో లేని ‘వింత’ క్వార్కు ఒకటి దానిలో నున్నది. దాని ఆయువు, ఒక సెకండును 400 కోట్ల భాగములు చేసినచో అందులో సుమారొక భాగము. ఇంత స్వల్ప జీవితమున నది చూపగలిగిన దేమని అడుగుదురేమో. కేంద్రకము లోపలి కాలమానము వేఱు. ఆ స్వల్ప కాలములోనే అచటి కణములు వేలకోట్ల పర్యాయములు ప్రదక్షిణము చేయును. కనుక అతిథి భోజనము చేసి, నిద్రించి, ఇల్లంతయు తిరిగి చూచుటకు కావలసినంత తీరిక కలదు.

ఇట ముఖ్యమైన ధర్మ మొకటి యున్నది. కేంద్రకములో పీటలు వరుసగా వేసియుండును. ఒకే జాతి కణములు ఒక పీటపై రెండింటికి మించి కూర్చుండరాదు. క్రింది పీటలు నిండినచో వెనుక వచ్చిన ప్రోటానో న్యూట్రానో పై వరుసకు పోవలసినదే. నట్టింటిలోని కది యెన్నడును చేరజాలదు. లాంబ్డా వేఱు జాతిది. దానికీ నిషేధము తగులదు. అందఱు కూర్చున్న పంక్తి నడుమనుండి తిన్నగా పోయి అట్టడుగు పీటపై కూర్చుండును. మనలో మడి కట్టుకొన్నవారికి మాత్రమే వంటయింట ప్రవేశము; అక్కడ పరాయి చుట్టమునకే ఆ స్వాతంత్ర్యము! ఇంటివారు చూడలేని లోగుట్టును ఈ చుట్టముచేత తెలిసికొనుటయే ఈ ప్రయోగముల ప్రయోజనము.

ఆకాశమునుండి ఎప్పుడో పడు కిరణములకై కాచుకొనియుండుట, వాననే నమ్మిన సేద్యము వంటిది. కాలువ త్రవ్వుకొనిననే గాని పంట నిలుకడగా రాదు. ఆ కాలువయే మెసాను ధార. పెద్ద యంత్రములలో ప్రోటానులను మహావేగమునకు తెచ్చి లోహపు దిమ్మపై కొట్టింతురు. ఆ దెబ్బకు పై మెసానులును, కె మెసానులును, ఇతర కణములును చెల్లాచెదరుగా పుట్టును. అయస్కాంతములతో కావలసిన వేగము గలవానిని ఒక త్రోవకు మళ్లింతురు. వచ్చిన చిక్కేమనగా, కె మెసానులకంటె పై మెసానులు ఎన్నో రెట్లధికముగా పుట్టును. బియ్యములో రాళ్లేరుట కాదిది, రాళ్లలో బియ్య మేరుట. బలమైన విద్యుత్తు నెదుట నుంచి ఈ రెండింటిని వేఱు చేయుదురు. పైగా కె మెసానులకు ఆయువు తక్కువ. అందుచేత వానిలో పెక్కులు గమ్యము చేరకమునుపే దారిలో నశించును. మిగిలినవానితోనే పని జరుగవలెను.

ఈ ధారతో లాంబ్డాను కేంద్రకమున ప్రవేశపెట్టు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది: ఋణ విద్యుత్తు గల కె మెసాను వచ్చి, న్యూట్రాను నొకదానిని తాకి, తనలోని వింత క్వార్కును దానికిచ్చి, తాను పై మెసానుగా మాఱి వెడలిపోవును. న్యూట్రాను లాంబ్డా యగును. కె మెసాను వేగము కాంతివేగములో నూటికి సుమారు 73 వంతులుండి, పై మెసాను సూటిగా ముందునకే పోయినచో, వచ్చిన తోపునంతయు నదియే మోసికొనిపోవును. లాంబ్డా పుట్టినచోటనే కదలక నిలుచును. పోవు రైలునుండి మూటను అందించియు, అందుకొన్నవారి చేతికి కుదు పంటనీయని నేర్పు వంటిది. జెనీవాయందలి సెర్నులో 1970 తరువాతి సంవత్సరములలో ఈ నేర్పును సాధించిరి. రెండవ పద్ధతిలో ధన విద్యుత్తు గల పై మెసానును పంపుదురు. కె మెసాను వెలికి వచ్చును. ఇందు లాంబ్డాకు కొంత కుదుపు తప్పదు గాని, బరువైన కేంద్రకములలో అడుగు పీటలవఱకు చూచుట కిదే యనుకూలము. అమెరికాయందలి బ్రూక్‌హేవెనులో మొదలై, జపానుదేశపు ట్సుకుబాలో 1990 తరువాత ఇది మిక్కిలి నిశితమైనది.

లోపలి లాంబ్డాను చూడకయే దాని పీట యేదో యెట్లు తెలియును? గృహిణు లెఱిగిన లెక్కయే. కొట్టులోని కెంత బియ్యము వచ్చెను, వెలికెంత పోయెను. శేషము లోపల నున్నది. వచ్చిన మెసాను శక్తిని, పోయిన మెసాను శక్తిని కొలిచి తీసివేసినచో, లాంబ్డా యెంత లోతున కూర్చున్నదో తేలును. ఇట్రియము వంటి బరువైన కేంద్రకములలో లాంబ్డా పీటలు ఒకదాని క్రింద నొకటిగా స్పష్టముగా కనబడినవి. అట్టడుగు వఱకు ఇంత నిర్మలముగా ప్రోటానులకు సహితము చూడ వీలుపడలేదు. ప్రోటాను న్యూట్రానులను కేంద్రకము పట్టియుంచు బలములో సగముకంటె కొంచె మెక్కువ బలముతో లాంబ్డాను పట్టియుంచుననియు తెలిసినది.

మా మనస్సున కన్నిటికంటె నచ్చిన ఫలితము మఱియొకటి. ట్సుకుబాలోనే 1998లో లిథియము కేంద్రకమున లాంబ్డాను ప్రవేశపెట్టి, అది వెలువరించిన గామా కిరణములను కొలిచిరి. వదులుగా నుండెడి ఆ లిథియము, అతిథి రాగానే నూటికి సుమారు 19 పాళ్లు కుదించుకొన్నదని తేలినది. చుట్టము వచ్చిన యింటిలో ఎడమొగము పెడమొగముగా నున్నవారు దగ్గఱకు చేరుట మనము చూడనిది కాదు. కాని కొలిచినవా రెవరును లేరు, వీరు కొలిచిరి.

ఒక్క చుట్టముతో తృప్తిపడక, ఇద్దఱిని పిలిచిన సందర్భములును గలవు. రెండు లాంబ్డాలు గల కేంద్రకము 1963లోనే, సెర్ను కె మెసాను ధార సోకిన పలకలలో దొరకెను. కాని ఆ గీతలు సందేహమునకు తావిచ్చుచుండెను. 2001లో జపానువారు ప్రకటించిన చిత్రమున సందేహమునకు చోటు లేదు. హీలియము కేంద్రకములో రెండు లాంబ్డాలు. వాని పరస్పరాకర్షణము మిక్కిలి స్వల్పము. ఆ చిత్రమునకు ‘నగరా’ యని పేరు పెట్టిరి. పలకలను గాలించిన గిఫూ పట్టణముగుండ పాఱు నది పేరది. ఆడపిల్లలకు గోదావరి యనియు, కృష్ణవేణి యనియు పేరిడు మనకిది సహజముగనే తోచును.

ఇంత శ్రమ దేనికని అడుగువారికి ఆకాశమును చూపవలసియున్నది. న్యూట్రాను నక్షత్రములని కలవు. సూర్యునికంటె నధికమైన బరువు సుమారు 25 కిలోమీటర్ల వ్యాసములో నిమిడియుండును. అంత క్రిక్కిఱిసిన చోట న్యూట్రానులకు క్రింది పీటలు లేవు. కనుక కొన్ని లాంబ్డాలుగా మాఱి ఖాళీ పీటలలో కూర్చుండవలెనని సిద్ధాంతము చెప్పును. అట్లయినచో లోపలి ఒత్తిడి తగ్గి, నక్షత్రము తన బరువునకు తానే క్రుంగి, రెండు సూర్యుల బరువును మోయజాలదు. కాని 2010లో సుమారు రెండు సూర్యుల బరువు గల న్యూట్రాను నక్షత్రము కనబడనే కనబడెను. లెక్క యెక్కడనో తప్పినది. లాంబ్డాలును న్యూట్రానులును మిక్కిలి దగ్గఱైనపుడు ఒకదానినొకటి నెట్టుకొనునా యనునది ప్రశ్న. ఇది యింకను తేలలేదు. జపానుదేశమున టోకైలోని జె-పార్కు అను ప్రయోగశాలలో ప్రస్తుత మీ విషయమై కె మెసాను ధారలతో పాటుపడుచున్నారు. 2011 మార్చిలో భూకంపము వచ్చి ఆ ప్రయోగశాలను దెబ్బతీసినను, ఏడాది తిరుగకయే మరల నడిపించిరి.

జె-పార్కువారును ఫోటో పలకలను విడువలేదు. టన్నుల కొలది పూతతో పలకలు చేసి, ధారలో నుంచి కడిగిరి. వానినన్నిటిని మనుష్యులు చూడవలెనన్న ఎన్ని సంవత్సరములు పట్టునో! కావున గణకయంత్రమునకు బొమ్మలు చూపి, గీతలు పోల్చుట నేర్పిరి. 2021 నాటికి ఆ యంత్రము ఒక హైపర్ కేంద్రకమును పట్టియిచ్చినది.

రోజ్‌మేరీ ఫౌలరుగారికి బ్రిస్టలు విశ్వవిద్యాలయము 2024 జూలైలో గౌరవ డాక్టరు పట్ట మిచ్చినది. అప్పటి కామె వయస్సు 98 సంవత్సరములు. ఆమె చూచిన గీతకు వయస్సు 76. గిఫూ పలకలలో మాత్రము, యంత్రము ఏరి యిచ్చిన బొమ్మలను తుదకు మనుష్యులే సూక్ష్మదర్శినితో చూచి, అవునో కాదో నిర్ణయించుచున్నారు.