యంత్రోపాధ్యాయుడు – విద్యార్థి స్వీకృతి

శాస్త్రారంభమున అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను అనుబంధచతుష్టయమును నిరూపించుట సంప్రదాయము. ప్రయోజనము చెప్పనంతవరకు ఏ శాస్త్రమునుగాని, ఏ కర్మమునుగాని ఎవరును స్వీకరింపరని కుమారిలభట్టు శ్లోకవార్తికమున తెలిపెను. కంప్యూటరు తెరపై బొమ్మలతో, ధ్వనితో పాఠము చెప్పి, విద్యార్థిని ప్రశ్నించి, దోషములను దిద్దు యంత్రోపాధ్యాయునకును ఈ న్యాయమే వర్తించును.

1989లో ఫ్రెడ్ డేవిస్ అను అమెరికా పరిశోధకుడు నూతనసాధనముల స్వీకృతికి రెండు హేతువులను ప్రతిపాదించెను. ఇది తన పనికి ఉపకరించునను భావన మొదటిది. దీనిని వాడుట సులభమను భావన రెండవది. ఆయన పరిశీలనలో మొదటిదానికే వాడుకతో అధికసంబంధము కనబడెను. సౌకర్యముకంటె ప్రయోజనమే బలీయమని దీనివలన తేలినది.

యంత్రోపాధ్యాయుని విషయమున ఆకృతి యను మూడవ హేతువు చేరును. 1997లో జేమ్స్ లెస్టర్ ప్రభృతులు, ఆయా పరిసరములకు తగిన మొక్కను కూర్చు పాఠమున 'హెర్మన్' అను పురుగుబొమ్మను ఉపదేశకునిగా నిలిపి, నూరుగురు విద్యార్థులను పరిశీలించిరి. అట్టి సజీవప్రాయమైన పాత్ర, భావప్రకటనము అంతగా లేనిదైనను, పాఠముపై విద్యార్థుల అభిప్రాయమును అనుకూలము చేయునని వారు ప్రకటించిరి. అయితే ఆదరము వేరు, అవగాహనము వేరు. బొమ్మ నచ్చినదనుట విద్య వచ్చినదనుటకు ప్రమాణము కాదు.

సంస్కృతబోధనము నుండి ఒక ఉదాహరణము. మహాభాష్యప్రసిద్ధమైన 'శ్వేతో ధావతి' అను వాక్యమును విడదీయుమని యంత్రము అడిగినదనుకొందము. 'శ్వేతః ధావతి' అనిన తెల్లనిది పరుగెత్తుచున్నదని అర్థము. 'శ్వా ఇతః ధావతి' అనిన కుక్క ఇటనుండి పరుగెత్తుచున్నదని అర్థము. రెండును సాధువులే. ఒకదానినే ఎరిగిన యంత్రము రెండవదానిని దోషమనినచో, 'ఆద్గుణః' అను సూత్రము తెలిసిన విద్యార్థి దానిని మరల నమ్మడు. సూత్రము తెలియనివాడు నమ్మును; హాని కలుగునది వానికే. కావున స్వీకృతి ఎంత అను ప్రశ్నకు ముందు, అధికారి ఎవరను విచారము జరుగవలెను.

విద్య ఆగమ, స్వాధ్యాయ, ప్రవచన, వ్యవహారకాలములు నాల్గింటిచేత ఉపయుక్తమగునని పతంజలి మతము. విసుగులేక మరల మరల అభ్యాసము చేయించు యంత్రమునకు స్వాధ్యాయకాలమున తగిన చోటు కలదు. ఆగమము మాత్రము గురుముఖముననే జరుగుట యుక్తము. సాధనమును తరగతిలో ప్రవేశపెట్టు అధ్యాపకుడు ముందుగా ద్వ్యర్థవాక్యములతో దానిని పరీక్షింపవలెను; దోషమును చూపునపుడు హేతువైన సూత్రమును కూడ చూపునో లేదో గమనింపవలెను. హేతువు చూపినచో విద్యార్థి దానిని విమర్శించి గ్రహించును. చూపనిచో బొమ్మను చూచి తలయూపుటయే మిగులును.