‘పంపు’ పద చరిత్ర: ఓడ అడుగు నుంచి బోరుబావి వరకు – ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు వర్షాభావానికి పేరుపడ్డవి. ఇక్కడ నీటి ప్రసక్తి వచ్చిన చోటల్లా ‘పంపు’ అనే మాట వస్తుంది. పొలంలో పంపుసెట్టు, వీధిలో చేతిపంపు, కాలువ గట్టున పంపుహౌసు, ఇంట్లో పంపునీళ్ళు అన్నీ ఆ మాటతో ముడిపడినవే. నీటిని పంపుతుంది కాబట్టి దానికి ‘పంపు’ అని పేరు వచ్చిందనే వివరణ తెలుగువారికి సహజంగా తోస్తుంది. అయితే ఈ వివరణ నిజం కాదు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఈ మెట్టనేలలో స్థిరపడిన ఈ మాట మొదట ఓడల మాట. దాని పుట్టుకను, అర్థ పరిణామాన్ని, తెలుగులోని వ్యాకరణ స్థితిని వివరించి, నిఘంటువుల్లో దాన్ని ఎలా నమోదు చేయాలో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

పుట్టుక: ఓడ అడుగున నీరు

మధ్యయుగపు డచ్చి భాషలో ‘పొంపె’ అనే పదం ఉంది. దానికి దగ్గరి చుట్టమైన దిగువ జర్మన్ భాషలోనూ ఇటువంటి రూపమే కనిపిస్తుంది. కొయ్య గొట్టం, నీటి గొట్టం అనే అర్థాలు దీనితో ముడిపడి ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ పదం 15వ శతాబ్దంలో కనిపిస్తుంది. 1440 ప్రాంతంలో కూర్చిన ‘ప్రామ్టోరియం పార్వులోరం’ అనే ఇంగ్లీషు-లాటిన్ నిఘంటువు ఈ మాటను ఓడకు సంబంధించిన సాధనంగానే పేర్కొన్నది.

దీనికి కారణం స్పష్టమే. కొయ్య ఓడల పలకల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. అది అడుగున చేరి పెరిగితే ఓడ మునుగుతుంది. అందుచేత తొలిచిన మాను గొట్టంలో తోలు కవాటం అమర్చిన దట్టాన్ని కిందికీ పైకీ ఆడించి నావికులు ఆ నీటిని బయటికి తోడేవారు. అంటే ఈ పదం వాడుకలో ప్రసిద్ధి పొందినది అక్కరలేని నీటిని పారబోసే సాధనానికి పేరుగా. దప్పిక తీర్చే నీటితో దానికి గల సంబంధం తరువాతిది.

తెలుగులోకి వచ్చిన దారి

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. కొద్ది సంవత్సరాల్లోనే మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ దాని వర్తక స్థావరాలు వెలిశాయి. తెలుగు తీరంతో డచ్చివారికి ఇంత పాత సంబంధం ఉన్నందున ఈ పదం నేరుగా వారి నుంచే వచ్చిందా అన్న ప్రశ్న తప్పదు.

ధ్వని సాక్ష్యం దీనికి విరుద్ధంగా ఉంది. డచ్చి రూపం ‘పొంప్’. డచ్చివారు నేరుగా పాలించిన ఇండొనేషియాలో ఇది ‘పొంపా’గా, ఒకారంతోనే నిలిచింది. తెలుగులో హ్రస్వ ఒకారం ఉంది. సొంపు, ఒంపు వంటి దేశ్య పదాలూ ఉన్నాయి. కాబట్టి డచ్చి ఉచ్చారణ నేరుగా వచ్చి ఉంటే తెలుగు రూపం ‘పొంపు’ కావడానికి ఏ అడ్డంకీ లేదు. కాని వాడుకలో ఉన్నది ‘పంపు’. ఇంగ్లీషులోని ఈ అచ్చు తెలుగులో అకారంగా మారడం కప్పు, బస్సు, క్లబ్బు మొదలైన పదాల్లోనూ కనిపిస్తుంది. కనుక ఇది డచ్చి నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చిన పదమని నిర్ణయించవచ్చు.

ప్రాంత చరిత్ర కూడా దీనికి అనుకూలంగానే ఉంది. ఆదోని ప్రాంతం 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోనిది. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రావతరణతో కర్నూలు జిల్లాలో చేరింది. ఇక్కడి పాలనకు, యంత్రాలకు సంబంధించిన కొత్త మాటలు ఇంగ్లీషు ద్వారా రావడం సహజం.

రూపసామ్యం, జననిరుక్తి

ఇంగ్లీషు పదం చివర ఉకారం చేరగానే గుంపు, తెంపు, కంపు వంటి దేశ్య పదాల అచ్చులో అది ఒదిగిపోయింది. బస్సు, కప్పు పదాల్లో వలె ద్విత్వం కూడా అవసరం కాలేదు. పైగా ‘పంపు’ అనే క్రియాధాతువు తెలుగులో ముందే ఉంది. ప్రాచీన కావ్యభాషలో ‘ఆజ్ఞ’ అనే అర్థంలో ‘పంపు’ నామవాచకం కూడా. ‘పంపు నీరు’ అన్న పదబంధాన్ని గ్రాంథిక మర్యాదలో తద్ధర్మార్థక విశేషణంగా తీసుకుంటే ‘పంపునట్టి నీరు’ అని అర్థం వస్తుంది. సమాసంగా తీసుకుంటే ‘పంపు ద్వారా వచ్చే నీరు’ అవుతుంది. జననిరుక్తికి చోటిచ్చినది ఈ సందిగ్ధతే.

ఆదోని ప్రాంతంలో తెలుగు, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. మూడు భాషల్లోనూ ఈ యంత్రానికి ఇదే ఇంగ్లీషు పదం ఉంది. అయితే ‘పంపు’ క్రియకు కన్నడంలో ‘కళిసు’, ఉర్దూలో ‘భేజ్‌నా’ సమానార్థకాలు. అందుచేత ‘పంపేది పంపు’ అనే వివరణ ఆ భాషల్లో పొసగదు. ఒకే ఊరిలో ఒకే యంత్రానికి ఉన్న ఒకే పేరు తెలుగు చెవికి మాత్రమే సొంత మాటగా తోచడం ఇది కేవలం రూపసామ్యమని నిరూపిస్తుంది. మంత్రాలయం మీదుగా పారే తుంగభద్రకు ‘పంప’ అనే ప్రాచీన నామం ఉన్నది. దానికీ ఈ యంత్రం పేరుకూ కూడా సంబంధం లేదు.

అర్థ పరిణామం

తెలుగు వాడుకలో ఈ పదం మూడు దిశల్లో విస్తరించింది. మొదటిది యంత్రార్థం. నీటిదే కాక సైకిలుకు గాలి పంపు, పత్తిచేనికి మందు కొట్టే పంపు దీని పరిధిలోకి వచ్చాయి. రెండవది లక్ష్యార్థం. వీధి కొళాయి దగ్గర యంత్రమేదీ లేకపోయినా ‘పంపు’ అనడంలో యంత్రం పేరు నీరు వచ్చే చోటికి సంక్రమించింది. మూడవది క్రియాసాహచర్యం. ‘పంపు కొట్టు’ అన్నప్పుడు దట్టాన్ని ఆడించే చేతి కదలిక దేశ్య క్రియతో వ్యక్తమవుతున్నది. నావికుడు ఓడలో చేసిన పనీ ఇదే.

పదం మారకపోయినా వస్తువు మారింది. పైనుంచి నీటిని పీల్చే పంపు గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది కాబట్టి సుమారు 10 మీటర్ల లోతును మించి నీటిని ఎత్తలేదు. ఓడకు అది చాలు. భూగర్భజలం అడుగంటిన నేలకు చాలదు. అందుకే 1970లలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపులో సిలిండరును బోరులోపలికి దించారు. నేటి సబ్‌మెర్సిబుల్ పంపు పూర్తిగా నీటిలోనే మునిగి పనిచేస్తుంది. ఓడ మునగకుండా కాపాడిన సాధనం పేరు ఇప్పుడు తానే మునిగి ఉండే యంత్రానికి చెల్లుతున్నది.

స్థానచ్యుతమైన పదజాలం

ఈ పదం ఖాళీ స్థలంలోకి రాలేదు. రాయలసీమలో ఎద్దులతో నీరు తోడే కపిల ఉండేది. దానితోపాటు బాన, తొండం, మోకు, గిలక అనే అవయవ నామాలు ఉండేవి. ఏతం, గూడ వేరు సాధనాలు. ఎంత లోతు, ఎవరి శ్రమ, ఏ విధానం అనే భేదాలను ఆ పేర్లు చెప్పేవి. ‘పంపు’ ఆ భేదాలన్నిటినీ ఒక్క మాటలో కలిపివేసింది. అయినా దేశ్య పదం పూర్తిగా తప్పుకోలేదు. తుంగభద్ర నీటిని పడమటి కర్నూలుకు అందించే గురురాఘవేంద్ర పథకం పేరులో ఉన్నది ‘ఎత్తిపోతల’. పథకానికి దేశ్య నామం, లోపలి యంత్రానికి అన్యదేశ్య నామం అనే పంపకం ఇక్కడ ఏర్పడింది.

ముగింపు

డచ్చి మూలాలున్న స్కిప్పర్, యాట్, డెక్ వంటి నౌకా పదాలు తెలుగులో నేటికీ పరాయి వాసనతోనే ఉన్నాయి. ‘పంపు’ మాత్రం సామాన్య వ్యవహర్తకు అన్యదేశ్యమని తెలియనంతగా కలిసిపోయింది. ధ్వని నిర్మాణం అనుకూలించడం, సమరూప క్రియ ముందే ఉండడం, నీటి అవసరం నిత్యమైనది కావడం దీనికి మూడు కారణాలు. నిఘంటుకారులు దేశ్య ‘పంపు’నూ అన్యదేశ్య ‘పంపు’నూ ఒకే ఆరోపం కింద అర్థభేదాలుగా చూపక, రెండు వేర్వేరు ఆరోపాలుగా నమోదు చేయాలి. ఆ రెండవ ఆరోపం పక్కనే కపిల, ఏతం, గూడలను కూడా సూచిస్తే, మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడంతోపాటు ఏ మాటల స్థానంలోకి వచ్చిందో కూడా తరువాతి తరాలకు తెలుస్తుంది.