దాహం, నీరసం, తిమ్మిర్లు - షుగరేనా?

రాత్రిపూట మూత్రానికి రెండు మూడుసార్లు లేవవలసి వచ్చినా, నాలుగు మెట్లు ఎక్కేసరికి నీరసం వచ్చినా, అరికాళ్లు మంటలు పుట్టినా ఈ రోజుల్లో చాలామందికి మొదట వచ్చే అనుమానం "షుగరేమో" అని. అనుమానం రావడంలో తప్పులేదు. ఆ అనుమానంతోనే నెలలూ ఏళ్లూ గడిపేయడం తప్పు. కొందరు మిఠాయిలు మానేసి, కాఫీలో పంచదార తగ్గించి, ఇక ఫరవాలేదని తమకు తామే సర్టిఫికెట్ ఇచ్చుకుంటారు. ఇంకొందరు పక్కింటాయన వాడే మాత్రలనే తెచ్చుకుని మింగుతారు. పరీక్షకు మాత్రం వెళ్లరు. వెళితే "ఉంది" అంటారేమోనని భయం!

అసలు షుగర్ వ్యాధిలో దాహం ఎందుకు వేస్తుందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. మనం తిన్న అన్నం, చపాతీ, పండు చివరకు గ్లూకోజుగా మారి రక్తంలో చేరతాయి. ఆ గ్లూకోజు శరీర కణాలకు అందాలంటే క్లోమగ్రంథిలో తయారయ్యే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచెయ్యకపోయినా గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. అది డెసిలీటరు రక్తంలో సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. పోయే చక్కెర తనతోబాటు నీటిని కూడా తీసుకుపోతుంది. అందుకే మూత్రం ఎక్కువ కావడం, నీరు పోయినందువల్ల దాహం, తిన్నది ఒంటికి పట్టక ఆకలి, నీరసం, బరువు తగ్గడం. మూత్రం పోసిన చోట చీమలు పట్టడం మన పెద్దవాళ్లు ఏనాడో గమనించారు. మధుమేహం అన్న పేరు వచ్చిందీ అందువల్లనే.

అయితే ఇక్కడొక చిక్కుంది. పరగడుపున 130, 140 ఉన్న మనిషి కూడా షుగర్ రోగే. కాని అతనికి దాహం వెయ్యకపోవచ్చు. చీమలు పట్టకపోవచ్చు. హాయిగా తిరుగుతూనే ఉంటాడు. ఒకప్పుడు నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచి, అది ఆకుపచ్చగా, పసుపుగా, ఇటుక రంగుగా మారిందా అని చూసేవారు. ఆ పరీక్షకు ఇలాంటివాళ్లు చాలామంది దొరికేవారు కారు. అంచేత మూత్రంలో చక్కెర లేనంత మాత్రాన షుగర్ లేదని ధైర్యపడకూడదు.

ఇలా చాపకింద నీరులా ఉన్న షుగర్ చాలాసార్లు వేరే దారిన బయటపడుతుంది. కళ్లజోడు నంబరు తరచు మారుతుంటుంది. సెగ్గడ్డలు ఒకటి మానితే ఇంకొకటి లేస్తాయి. కాలికి తగిలిన చిన్న దెబ్బ వారాల తరబడి మానదు. మెడ వెనుక చర్మం మందమై, మఖమల్ గుడ్డలా నల్లబడుతుంది. దాన్ని మట్టి అనుకుని పీచుతో రుద్దేవాళ్లున్నారు. అది ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి అదొక గుర్తు కావచ్చు.

ఆడవాళ్ల విషయం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. జననాంగాల దగ్గర దురద, తెల్లబట్ట మళ్లీ మళ్లీ వస్తుంటే చాలామంది ఇంట్లో చెప్పుకోలేరు. డాక్టరు దగ్గరకు వెళ్లడానికి సిగ్గు. మందుల షాపులో ఏదో ఆయింట్‌మెంట్ తెప్పించుకుని రాస్తారు. పది రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలు. ఇలా ఏడాది పాటు ట్యూబులు మార్చిన తరువాత రక్తపరీక్ష చేస్తే షుగర్ ఎక్కువగా ఉందని తేలిన వాళ్లెందరో. చక్కెర ఉన్నచోట ఒక రకం బూజు బాగా పెరుగుతుంది. చక్కెర తగ్గనిదే పైపూతలు ఎన్ని రాసినా అది తిరిగి వస్తుంది. మగవాళ్లలో జననాంగం ముందరి చర్మం మాటిమాటికీ వాచి పగలడం కూడా ఇటువంటిదే. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీలేదు. అనుమానించవలసింది నడవడికను కాదు, రక్తంలోని చక్కెరను.

అలాగని ప్రతి బాధకూ షుగర్ కారణం కాదు. అరవై దాటిన మగవారు రాత్రి పదేపదే లేస్తున్నారంటే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండవచ్చు. షుగర్‌లో వెళ్లిన ప్రతిసారీ ధారాళంగా వస్తుంది. ప్రోస్టేట్ వాపులో ధార సన్నబడి, కొద్దికొద్దిగా వచ్చి, ఇంకా మిగిలిపోయినట్లుంటుంది. మంటతో, చుక్కలు చుక్కలుగా వస్తుంటే మూత్రంలో చీము చేరిందేమో చూడాలి. బి.పి.కి వాడే కొన్ని మాత్రల పనే మూత్రం ఎక్కువ చెయ్యడం. మన ఆడవారి నీరసానికి చాలాసార్లు రక్తహీనతో, థైరాయిడ్ లోపమో కారణమవుతుంది. శుద్ధ శాకాహారులకు తిమ్మిర్లు బి12 విటమిన్ లోపం వల్ల రావచ్చు. బరువు తగ్గుతూ, సాయంత్రం జ్వరం, రెండు వారాలు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. క్షయ, షుగర్ ఒకే మనిషిలో ఉండడం మన దేశంలో అరుదు కాదు గనుక అప్పుడు రెండూ చూడాలి.

ఇక పరీక్ష సంగతి. రాత్రి భోజనం తరువాత కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా వెళ్లాలి. కాఫీ కూడా కూడదు. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 126 గాని అంతకు మించి గాని ఉంటే షుగర్ వ్యాధి. తరువాత 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే 140 లోపు ఉండాలి, 200కు చేరితే వ్యాధి ఉన్నట్లు. ఈ మధ్యలో ఉన్నవారు గట్టుమీద నిలబడ్డవాళ్లు. తిండి, నడక, బరువు సరిచేసుకుంటే వీరిలో చాలామంది వెనక్కి రాగలరు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బి ఎ1సి పరీక్షలో 6.5 శాతం గాని, అంతకు మించి గాని ఉంటే వ్యాధి. కాని రక్తహీనత ఉన్నవారిలో ఈ లెక్క తప్పవచ్చు. బాధలేమీ లేనివారికి ఒక్క పరీక్షలో ఎక్కువ వస్తే, మరొకసారి చేసి రూఢి చేసుకోవాలి. ఇంట్లో వేలికి సూది గుచ్చి చూసే మిషన్ అనుమానానికి పనికివస్తుంది గాని, తీర్పుకు ల్యాబు పరీక్షే కావాలి.

కొందరు పరీక్షకు మూడు రోజుల ముందునుంచి అన్నం మానేసి, ఉపవాసాలుండి వెళతారు. రిపోర్టు బాగా రావాలని! రోజూ తినేది తిని వెళ్లండి. వాడుతున్న మందులు, ముఖ్యంగా ఉబ్బసానికో కీళ్లనొప్పులకో వాడే స్టెరాయిడ్లు ఉంటే, డాక్టరుకు చెప్పండి. అవి షుగరును పెంచుతాయి.

ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించుకోవలసినవారున్నారు. ముప్ఫై దాటినవారు, తల్లికో తండ్రికో షుగర్ ఉన్నవారు, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తరువాత పోయినవారు, నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటినవారు. గర్భవతులందరికీ ఈ పరీక్ష ఎలాగూ అవసరమే. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే 2023లో వెలువడింది. దాని లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ రోగులు సుమారు 10 కోట్లు, గట్టుమీద ఉన్నవారు 13 కోట్లకు పైనే. ముప్ఫై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం.

పెద్దల పరీక్షకు ఒక వారం ఆలస్యమైనా చాలాసార్లు ముంచుకుపోయేది ఉండదు. పిల్లల విషయం అలా కాదు. పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ మొదలుపెట్టినా, చెంబులకొద్దీ నీళ్లు తాగుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇది వారాల్లోనే ముదిరే రకం. దానికి ఇన్సులిన్ తప్ప వేరే మందు లేదు. 1922లో టొరంటోలో మొదటిసారి ఒక కుర్రవాడికి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. ఇప్పుడు బతుకుతారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, వేళకు కనిపెడితే. కడుపునొప్పి, వాంతులు వస్తే నులిపురుగులని, అజీర్తి అని, దిష్టి అని కాలం గడపకండి. వాంతులతోబాటు ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నా, నోటినుంచి మగ్గిన పళ్ల వాసన వస్తున్నా, మగతగా పడి ఉంటున్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఒకసారి షుగర్ చూడమని మీరే అడగండి. అటువంటి స్థితిలో అది చాలా ఎక్కువగా ఉంటుంది గనుక వేలి చుక్క రక్తంతో అక్కడికక్కడే బయటపడుతుంది.