మొదలు, మూలము, నాంది

ఆంగ్లమున ‘ఆరిజిన్’ అనునది అందఱికి పరిచితమైన మాట. ఒక మనిషి ఏ వంశమువాడో, ఒక పదము ఏ భాషనుండి వచ్చినదో, ఒక ఆచారము ఎట్లు పుట్టినదో చెప్పుటకు వారికి ఆ ఒక్క మాట చాలును. గణితమున రెండు అక్షరేఖలు కలిసికొను చుక్కకు కూడ అదియే పేరు; దానిని మనము మూలబిందువు అనుచున్నాము. ఉదయించుట అను అర్థముగల లాటిను ధాతువునుండి ఆ మాట పుట్టినది. తూర్పు దిక్కును తెలుపు ‘ఓరియంట్’ అను మాట దానికి తోబుట్టువు.

దీనికి తెలుగున సరియైన మాట యేది యని అడిగినచో నిఘంటువు పది మాటలు చూపును: పుట్టుక, మొదలు, మూలము, ఆది, ఆరంభము, ప్రభవము, ఉత్పత్తి, ఉపక్రమము, అంకురార్పణము, నాంది. ఇవి యన్నియు పర్యాయపదములని వ్రాసికొని పుస్తకము మూసినచో పని ముగియదు. గోదావరి పుట్టినచోటు త్ర్యంబకము అందుము గాని, గోదావరికి అచట ప్రారంభోత్సవము జరిగినదని యెవరును అనరు. పెండ్లిపనులు ఆరంభమైనవి అందుము గాని, ఉత్పత్తియైనవి అనము.

ఈ మాటలలో కొన్ని తావును తెలుపును, కొన్ని పనిని తెలుపును, కొన్ని కర్మకాండనుండి వచ్చినవి. మూలమనగా వేరు, కంటికి కనబడక నేలలో నుండునది. మొదలు అనునది అచ్చతెలుగు మాట. చెట్టు మొదలు అన్నచో మానుయొక్క అడుగుభాగము. అప్పుపత్రములో మొదలు అన్నచో వడ్డీకి ఆధారమైన అసలు. మొదటికే మోసము వచ్చినదనుటలో ఈ భావమే యున్నది. ఆరంభమనగా పట్టుకొనుట, చేత పట్టుట అని ధాత్వర్థము. కాగితము తలమీద ‘శ్రీ’ వ్రాయుట శ్రీకారము. కట్టడమునకు ముందు నేలలో శంకువు, అనగా మేకు, నాటుట శంకుస్థాపనము. పాలికలలో నవధాన్యములు చల్లుట అంకురార్పణము. ఉత్సవమునకు ముందు చల్లిన గింజ పచ్చని మొలకగా కనబడుటకు కొన్ని దినములు పట్టును.

ఈ భేదములను మన విశాఖపట్టణముననే పరీక్షించి చూడవచ్చును. ఇచటి రేవు ఎప్పుడు మొదలైనది? మధ్యపరగణాలలో త్రవ్విన మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసివచ్చినది, అది మూలము. ఉప్పుటేటి చిత్తడినేలను త్రవ్వి, పూడిక తీసి, ఓడలకు లోతు కల్పించు పని 1927 ప్రాంతమున సాగినది, అది ఆరంభము. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ రేవులో ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. ఉత్సవమునకు రెండు నెలలు ముందే ఓడ వచ్చినదన్న సంగతి గమనింపదగినది. శిలాఫలకముమీది తేదీ పనికి మొదలు కావలెనను నియమము లేదు.

నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ అచట నిర్మించిన ఓడకు జలప్రవేశము చేయించిరి. ఆ ఓడ పేరు ‘జల ఉష’. ఉషస్సు అనగా వేకువ గనుక, అచట ఆరంభవాచకమే ఓడకు పేరైనది.

ఇక ఉక్కు కర్మాగారము మాట. అది ఎప్పుడు మొదలైనదని నలుగురిని అడిగినచో నలుగురును నాలుగు సంవత్సరములు చెప్పుదురు. అందులో ఎవరి మాటయు అసత్యము కాదు. 1970 ఏప్రిల్ 17వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధి పార్లమెంటులో ప్రకటన చేసిరి, అది శ్రీకారము. 1971 జనవరి 20వ తేదీన ఆమెయే శంకుస్థాపన చేసిరి. శంకువు నాటిన పిదప పని నెమ్మదిగా నడచినది; రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను సంస్థ ఏర్పడుటకే 1982వ సంవత్సరము రావలసివచ్చినది. 1990లో ‘గోదావరి’ అను మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగినది; అది ఉత్పత్తి. పూర్వము పుట్టుక అను అర్థమున వాడిన ఈ సంస్కృతపదమునకు, కర్మాగారములు వచ్చిన పిదప, సరకు తయారగుట అను అర్థము స్థిరపడినది. కరగిన ఇనుము తొలిసారి వెలికివచ్చిన నాడు ఆ రెండర్థములును ఒక్కటైనవనవచ్చును. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి.

ఈ తేదీలన్నియు పెద్దలు వచ్చి నిలిచిన తేదీలు. మిగిలిన రెండు మాటలు మఱియెవరికి చెందునో విచారింపవలెను. కర్మాగారమునకై పొలములను, ఇండ్లను విడిచి, గాజువాక, అగనంపూడి ప్రాంతములలోని పునరావాస కాలనీలకు తరలిపోయిన గ్రామస్థులు కలరు. మొదలు అను మాటకు గల రెండర్థములును వారియందు చెల్లును: నేల వారిది, పెట్టిన అసలు వారిది.

నాంది అనునది నాటకమున తొలి ఆశీర్వచనమని చదువుకొన్నవారు ఎఱుగుదురు. పెండ్లియింట దానికి వేఱొక రూపము కలదు. శుభకార్యమునకు ముందు గతించిన పితరులను తలచి తృప్తిపఱచుటను నాందీశ్రాద్ధమందురు. వారిని స్మరింపక శుభము ఆరంభింపరాదని మన పెద్దల ఆచారము. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారమునకై తమనంపల్లి అమృతరావు విశాఖపట్టణమున నిరాహారదీక్ష పూనిరి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదము రాష్ట్రమంతట మ్రోగినది. నవంబరు 1వ తేదీన ఈ పట్టణమున కాల్పులు జరిగెను. ఆ ఉద్యమమున రాష్ట్రమున మొత్తము 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. వారికి శంకుస్థాపనతో గాని ప్రారంభోత్సవముతో గాని సంబంధము లేదు. ఈ కర్మాగారమునకు నాంది మాత్రము వారిదే.

కావున ఇంట పిల్లలు ఫలానిది ఎప్పుడు మొదలైనదని అడిగినచో, తేదీ చెప్పుటకు ముందు, వారడుగుచున్నది మూలమా, ఆరంభమా, నాందియా అని ఒకసారి విచారించుట మేలు. మనమెన్నుకొను మాటను బట్టి మన స్మరణకు వచ్చు మనుష్యులు మారుదురు.