బందరు తీరంలో వేటకు రెండు చట్టాలు

కృష్ణా డెల్టా దిగువన, బందరు నుంచి దివిసీమ చివరి ఊళ్ల దాకా, వేట అన్న మాటకు మొదట తోచే అర్థం చేపల వేటే. గిలకలదిండి రేవు నుంచి పడవ సముద్రంలోకి పోతే వేటకు వెళ్లిందంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరమంతటా మరపడవలూ మోటారు పడవలూ ఒడ్డుకు చేరి నిలిచే కాలాన్ని వేట నిషేధ కాలమంటారు. ఇదే డెల్టాలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మడ అడవుల్లోనూ రొయ్యల చెరువుల గట్లమీదా, వేట అన్న మాటకు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చే అర్థం వేరు, విధించే నియమమూ వేరు. సముద్రంలో వేటకు రుతువు ఉంది, విరామం ఉంది, ఆ తరువాత మళ్లీ అనుమతి ఉంది. మడ అడవిలో తిరిగే నీటిపిల్లి విషయంలో ఏ రుతువులోనూ అనుమతి లేదు. ఒక జీవరాశి నుంచి మనిషి ఎంత తీసుకోవచ్చో నిర్ణయించే పద్ధతి ఒకటి, అసలు తీసుకోవడానికే వీల్లేదనే పద్ధతి మరొకటి. ఈ రెంటిలో దేనివల్ల ఆ జీవి సంఖ్య ఎలా మారుతుందన్న ప్రశ్నకు ప్రపంచంలో చాలా వివరంగా సమాధానం వెతికింది అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోని కూగర్ అనే పెద్ద పిల్లి విషయంలో. ఆ అనుభవం దివిసీమ పిల్లికి ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించదగినది.

నీటిపిల్లిని పత్రికల్లో బావురుపిల్లి అనీ, ఇంగ్లీషు పేరుతో ఫిషింగ్ క్యాట్ అనీ రాస్తుంటారు. ఊరపిల్లికి రెండింతలకు మించిన ఒడ్డూ పొడుగూ, బూడిదరంగు ఒంటిమీద వరుసలు తీరిన నల్లని మచ్చలు, పొట్టి తోక, 5 నుంచి 16 కిలోల దాకా బరువు దీని గుర్తులు. వేళ్ల మధ్య కొంతవరకు చర్మపు పొర ఉండడం, గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోకపోవడం, పైబొచ్చు కింద తడి అంటనీయని దట్టమైన మరో బొచ్చు ఉండడం దీన్ని నీటి అంచున బతికే పిల్లిగా తీర్చిదిద్దాయి. చేపలు ముఖ్యమైన ఆహారం, వాటికి తోడు ఎలుకలు, పీతలు, పక్షులు. ఆడపిల్లి ఒక ఈతలో సాధారణంగా రెండు పిల్లలనే కంటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2016 అంచనాలో దీన్ని ముప్పు ముంగిట ఉన్న జాతుల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి రెండు పెద్ద నెలవులు ఉన్నాయి. గోదావరి ముఖద్వారంలోని కోరింగ అభయారణ్యంలో 2018లో జరిగిన సర్వే 115 పిల్లులున్నట్లు అంచనా వేసింది; రెండోది 1989లో ప్రకటితమై, ఇప్పటి కృష్ణా, బాపట్ల జిల్లాల తీరంలో సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. నాగాయలంక దాటి సొర్లగొంది, నాచుగుంట వైపు వెళ్తే నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల మధ్య పాయలు పాయలుగా చీలిన ఉప్పునీటి కాలువల వెంట ఈ పిల్లి సంచారం ఉంది. అభయారణ్యం హద్దురాళ్ల దగ్గర అది ఆగదన్న సంగతి ఈ వ్యాసానికి ముఖ్యం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట నిర్వచనం సామాన్యులు అనుకునేదానికంటే చాలా విశాలమైనది. తుపాకీతో కాల్చడం ఒక్కటే వేట అనిపించుకోదు. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, బోనులో పట్టడం, ఎరవేయడం, తరమడం, ఈ పనులకు ప్రయత్నించడం కూడా వేటే. చట్టం తొలినాళ్లలో కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ వీలును తీసివేసింది. నీటిపిల్లి పులితో, ఏనుగుతో సమానంగా మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారితేనో, కోలుకోలేనంతగా గాయపడితేనో, జబ్బుపడితేనో తప్ప చంపడానికి అనుమతి ఇవ్వకూడదు; ఆ అనుమతి ఇవ్వగలిగేది రాష్ట్రంలో ఒకే ఒక అధికారి, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు. పంటకో ఆస్తికో నష్టం కలిగించిందన్న కారణం కింది షెడ్యూలులోని జంతువులకే వర్తిస్తుంది. కాబట్టి చెరువులో చేపలు పోతున్నాయన్న రైతు నీటిపిల్లిని చట్టప్రకారం తొలగించుకునే మార్గమే లేదు. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తరువాత 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

అమెరికాలో కూగర్ కథ వేరేచోట మొదలైంది. ప్యూమా అనీ కొండసింహమనీ పిలిచే ఈ జంతువును పశువుల కాపరుల శత్రువుగా భావించి, చంపి తెచ్చినవారికి ప్రభుత్వాలే బహుమానం చెల్లించేవి. కాలిఫోర్నియా 1907 నుంచి 1963 వరకు అలా చెల్లించింది. 1960ల నుంచి చాలా పశ్చిమ రాష్ట్రాలు కూగర్‌ను చీడ జంతువుల జాబితాలోంచి తీసి వేటజంతువుగా గుర్తించాయి. ఆ హోదాతో లైసెన్సు, రుతువు, ఒక ప్రాంతంలో ఏడాదికి ఇన్ని అన్న పరిమితి వచ్చాయి. అలా చంపిన జంతువుల సంఖ్యను అక్కడి అధికారులు వరికోతకు వాడే మాటతోనే, దిగుబడి అన్న అర్థంలో వ్యవహరిస్తారు. ఆ మాట తెలుగు చెవికి కటువుగా వినిపించవచ్చు గాని, గిలకలదిండి రేవులో రాశిపోసిన చేపల లెక్క కూడా అదే ఆలోచనమీద నిలిచింది: పుట్టే పిల్లల సంఖ్యను మించకుండా తీసుకుంటే మూలధనం తరగదు, వడ్డీ మాత్రమే ఖర్చవుతుంది.

ఈ లెక్క పెద్ద పిల్లి దగ్గర ఎలా తడబడుతుందో వాషింగ్టన్ రాష్ట్రం చూపింది. అక్కడి ఓటర్లు 1996లో కుక్కలతో కూగర్‌ను వేటాడడాన్ని నిషేధించారు. వేట తగ్గాలన్నదే వారి ఉద్దేశం. కుక్కలు లేకపోతే జంతువులు తక్కువ దొరుకుతాయని భావించిన యంత్రాంగం లైసెన్సు ధర తగ్గించి వేటకాలాన్ని పొడిగించింది. జింకల వేటకు వెళ్లినవారంతా చవకగా వచ్చే కూగర్ అనుమతిని కూడా జేబులో వేసుకుని వెళ్లారు. చనిపోయిన కూగర్ల సంఖ్య తగ్గలేదు సరికదా పెరిగింది. అంతకంటే ముఖ్యంగా వాటిలో ఆడవాటి వాటా పెరిగింది. కారణం సులభంగానే తెలుస్తుంది. కుక్కలు తరిమితే కూగర్ చెట్టెక్కి కూర్చుంటుంది, వేటగాడు కింద నిలబడి అది మగదో ఆడదో, పెద్దదో చిన్నదో నింపాదిగా చూసి నిర్ణయించుకోగలడు; కుక్కలు లేనప్పుడు ఎదురుపడిన క్షణంలోనే కాలుస్తాడు. కూగర్ల మేలు కోరి తెచ్చిన నిషేధం, దాని చుట్టూ ఉన్న మిగతా నియమాలు మారడంవల్ల, ఈతకు వచ్చే ఆడజంతువులమీద పడింది. సముద్రంలో ఈ తర్కం మత్స్యకారులకు కొత్తకాదు. గుడ్లతో ఉన్న చేపను వదిలేయాలన్న ఉద్దేశంతోనే తూర్పు తీరంలో నిషేధకాలాన్ని వేసవిలో పెట్టారు.

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఇంకా లోతైన సంగతిని బయటపెట్టింది. ఏటా వేటలో సుమారు 24 శాతం చనిపోయే ఒక ప్రాంతాన్నీ, 11 శాతం మాత్రమే చనిపోయే మరో ప్రాంతాన్నీ వారు పోల్చారు. ఎక్కువ వేట జరిగినచోట మిగిలినవాటికి ఆహారం, చోటు ఎక్కువ దొరికి పిల్లలు ఎక్కువ బతికి లోటు పూడుతుందన్నది అంతవరకు చలామణీలో ఉన్న సిద్ధాంతం. అలా జరగలేదు. లోటు పూడినంతమేర పూడింది బయటినుంచి వలసవచ్చిన జంతువులతో. వేట తక్కువ ఉన్నచోట పుట్టిన పిల్లలు పెరిగి బయటికి పోయాయి, ఎక్కువ ఉన్నచోటికి బయటివి వచ్చి చేరాయి. అంటే ఒక ప్రాంతంలో సంఖ్య పెద్దగా తగ్గినట్లు కనిపించకపోయినా అది తన కాళ్లమీద తాను నిలబడకపోవచ్చు; పొరుగు అడవి దాన్ని మోస్తూ ఉండవచ్చు. చెరువులో నీరు నిండుగా కనిపించినంత మాత్రాన ఊట ఉందనలేం, కాలువ నీళ్లు వచ్చి చేరుతున్నాయేమో చూడాలి. ఈ పరిశోధనల ఆధారంగానే వాషింగ్టన్ రాష్ట్రం 2013లో ఒక్కో ప్రాంతంలో పెద్దవయసు కూగర్లలో 12 నుంచి 16 శాతానికి వేట మించకూడదన్న పద్ధతి పెట్టుకుంది. ఆ జాతి సహజంగా పెరిగే వేగం ఏటా 14 శాతమన్నది దానికి ఆధారం.

కాలిఫోర్నియా మరో దారి పట్టింది. 1972లో సరదా వేటను ఆపి, 1990లో ప్రజల ఓటుతో కూగర్‌ను ప్రత్యేక రక్షణగల జంతువుగా ప్రకటించింది. ఆ దారే మన చట్టానికి దగ్గర. వేట ఆగిన తరువాత అక్కడ కూగర్‌కు ముప్పు తొలగిపోలేదు, రూపం మార్చుకుంది: దక్షిణ కాలిఫోర్నియాలో వెడల్పైన రహదారులు కొండలను ముక్కలు చేశాయి, వాహనాల కింద పడి జంతువులు చనిపోయాయి, ఒక్కో ముక్కలో మిగిలిన కొద్దిపాటి కూగర్లు దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టే పరిస్థితి వచ్చింది. లాస్ ఏంజెలెస్ సమీపంలో 101వ నంబరు రహదారిమీద జంతువులు దాటడానికి మొక్కలతో కూడిన పెద్ద వంతెన నిర్మాణం 2022 ఏప్రిల్‌లో మొదలైంది. తుపాకీని నిషేధించడానికి ఓటు సరిపోయింది. నేలను తిరిగి అతికించడానికి కాంక్రీటు కావలసివచ్చింది.

దివిసీమలో నేల ఎలా మారిందో చూస్తే ఈ పోలిక స్పష్టమవుతుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ధర పలకడంతో తీరపు ఉప్పునేలలు, పర్రభూములు, కొన్నిచోట్ల మడ అంచులు చెరువులయ్యాయి. తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులమీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగుకు నమోదునూ నియమాలనూ ఏర్పరచింది. ఆ తరువాత వనామి రొయ్య రాకతో చెరువులు మళ్లీ పెరిగాయి. ఎగువన గుడివాడ, నందివాడ వైపు వరిపొలాలే బొచ్చె, శీలావతి పెంచే మంచినీటి చెరువులయ్యాయి. పిల్లి దృష్టితో చూస్తే ఈ చెరువులు రెండంచుల కత్తి. జమ్ము, తుంగ పెరిగిన మురుగుకాలువ గట్టు దానికి దాగుచోటు, చేపలున్న నీరు దానికి ఆహారం. కాని గట్లను నున్నగా చెక్కి, చుట్టూ వల కట్టి, కాపలా కుక్కలను వదిలితే అదే చోటు ఉరి అవుతుంది. పిల్లి పగటిపూట కంటపడదు గనుక, చేప తగ్గిన ప్రతిసారీ అనుమానం దానిమీదికే పోయే వీలుంది. చెరువులో చేప తగ్గడానికి రోగం, నీటిలో ప్రాణవాయువు పడిపోవడం, పక్షులు, నీటికుక్కలు, మనుషుల దొంగతనం వంటి కారణాలెన్నో ఉంటాయి.

ఇక్కడే రెండు పద్ధతుల మధ్య ఉన్న అసలు తేడా బయటపడుతుంది, దీన్ని ఎవరూ తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. అమెరికా రాష్ట్రాల్లో లైసెన్సుతో చంపిన కూగర్‌ను వేటగాడు అధికారులకు చూపించాలి. మగదో ఆడదో నమోదవుతుంది, వయసు తేల్చడానికి పన్ను తీస్తారు. చనిపోయిన ప్రతి జంతువూ ఒక అంకె అవుతుంది, ఆ అంకెలనుంచే పైన చెప్పిన పరిశోధనలు పుట్టాయి. దివిసీమలో ఒక చెరువు గట్టుమీద ఉచ్చులో పడి చనిపోయిన నీటిపిల్లి ఏ పుస్తకంలోనూ చేరదు. ఏడేళ్ల జైలుకు దారితీసే సంగతిని ఏ రైతూ తనంత తానుగా వెళ్లి చెప్పడు. పూర్తి నిషేధం సరైనదే. రెండేసి పిల్లలను కనే, నెలవు ఇరుకైన జంతువు విషయంలో పరిమిత వేట అన్న ఆలోచనకే తావు లేదు. అయితే నిషేధం మరణాలను ఆపినంత సులభంగా వాటిని కంటికి కనబడకుండా చేయనూగలదు. అందువల్ల నిషేధం ఉన్నచోట లెక్క పెట్టవలసిన బాధ్యత తగ్గదు, రెట్టింపవుతుంది. కెమెరాలు అభయారణ్యం లోపలే కాకుండా చెరువుల గట్లమీదా, మురుగుకాలువల వెంటా, కత్తిపూడి నుంచి బందరు మీదుగా ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి కల్వర్టుల దగ్గరా ఉండాలి. చనిపోయిన పిల్లి గురించి కబురు చెప్పినవాడు ముద్దాయి కాడన్న నమ్మకం ఊళ్లలో కలగాలి. పాయల్లో చేపలూ పీతలూ పట్టి బతికే యానాదులకు, ఇతర మత్స్యకారులకు ఏ పాయలో పిల్లి అడుగులు కనిపిస్తాయో తెలుసు. ఆ తెలివిని కూలి ఇచ్చి మరీ వాడుకోవాలి.

వలసవచ్చినవాటితో నిండిన అడవి అన్న వాషింగ్టన్ పాఠం కూడా ఇక్కడ భయపెట్టేదే. గట్లమీద పిల్లులు చనిపోతూ ఉన్నా మడ అడవినుంచి కొత్తవి వచ్చి చేరుతున్నంతకాలం పిల్లి ఉందనే అనిపిస్తుంది. ఆ మడ అడవే ఊట. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత మడచెట్టు విలువ మనుషుల రక్షణ లెక్కలో చేరింది. అలల బలాన్ని అవి విరుస్తాయన్న ఎరుక ఇప్పుడు తీరగ్రామాల్లో ఉంది. పోటునీరు అందక, ఉప్పు పేరుకుపోయి చవుడుబారిన మడభూముల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీశాఖ, గ్రామాల వారు కలిసి 1990ల చివరినుంచి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకు నీరు ఆ ముల్లు వెంట లోపలికంటా పారి ఉప్పును కడుగుతుంది, పాటుకు వెనక్కి తీస్తుంది. మొక్క నాటుకున్న కొన్నేళ్లకు వేళ్ల మధ్య బురద నిలిచి, ఆ బురదలో పీతలు బొరియలు చేసుకుని, నీరు తీసిన గుంటల్లో చిన్నచేపలు మిగులుతాయి. నీటిపిల్లి రాత్రివేళ ఒడ్డున ముడుచుకుని కూర్చుని, ముందుకాలితో నీటిని మెల్లగా తట్టి చేపను పైకి రప్పించేది అటువంటి గుంటల దగ్గరే.