నాలుగు గొంతుల ఇంజను

మా అక్కయ్య కోయంబత్తూరు నుంచి ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, నాలుగు రోజులు సెలవు పెట్టి రారా. వీడు మళ్ళీ ఇంకో ఇంజను కొన్నాడు" అంది.

"కొంటే కొన్నాడు. డబ్బెక్కడిదీ?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నా గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయి. మీ బావగారితో అనకు" అంది.

అందుకని వెళ్ళాను. లేకపోతే మోటారు ఇంజన్లతో నాకేం పని చెప్పండి! ఎం.ఏ. తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పద్యాలు పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. కారుతో నా పరిచయం ఎక్కి కూర్చుని తలుపు వేసుకోవడం వరకే. ఆ తలుపైనా రెండోసారికి గాని సరిగా పడదు.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ ప్యాసై, పంపులు చేసే కంపెనీలో రెండేళ్ళు పనిచేసి, మానేశాడు. రేసు కార్లు బాగుచేస్తానన్నాడు. బావగారు ముప్ఫై ఏళ్ళు పంపుల ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. కోయంబత్తూరులో పంపుల పని మానేశానంటే మన కోనసీమలో కొబ్బరిచెట్లు కొట్టించేశానన్నట్టే. పైగా కుర్రవాడు మొదట తయారుచేసిన ఇంజను నిరుడు రేసు ట్రాకు మీద మూడో చుట్టులో పొగలు కక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే రెండో సిలిండరులోని పిస్టన్‌కు రూపాయి బిళ్ళంత రంధ్రం. నాటి నుంచి తండ్రీ కొడుకులకు మాటల్లేవు. ఎనిమిది నెలలు.

ఆ ఊరికి ఈ పిచ్చి కొత్తది కాదు. మన తెలుగు కుటుంబాలు తరాల కిందటే వెళ్ళి స్థిరపడ్డ ఊరది. జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చికీ పళనికీ మధ్య ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టింది ఆ చుట్టుపట్లనే. మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు కట్టిన కరివర్ధన్‌గారిది ఆ ఊరే. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆయన పేరు పెట్టిన రేసు ట్రాకు 2003 నుంచీ ఊరి పక్కన చెట్టిపాళయంలో ఉంది. వీధికొక లేతు యంత్రం ఉన్న చోట పెరిగిన కుర్రవాడికి ఈ పిచ్చి పట్టడం వింత కాదని నాకు అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు.

షెడ్డులోకి వెళ్ళేసరికి పాత మారుతి ఎస్టీం కారు ఒకటి మూతి తెరుచుకుని ఉంది. రోడ్డు మీద తిప్పడానికి కాదు సుమా! తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అంచేత ఈ కారు లారీ ఎక్కి ట్రాకుకు వెళ్ళి, మళ్ళీ లారీ ఎక్కి ఇంటికొస్తుంది. దర్జా దానిదే!

ఇంజను పక్కన నాలుగు అల్యూమినియం బూరలు వరసగా నిలబడి ఉన్నాయి. నాదస్వరం చివరల్లా ఉన్నాయి చూడ్డానికి.

"ఏమిట్రా ఇవి?"

"మామయ్యా, మామూలు కారులో నాలుగు సిలిండర్లకీ కలిపి గాలి రావడానికి ఒకటే తలుపు ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది అదే. దీనికి మాత్రం ఎవరి తలుపు వాళ్ళదే."

ఈ తలుపు అనేది గొట్టంలో ఇరుసు మీద తిరిగే రూపాయంత గుండ్రని రేకు. మెకానిక్కులు దాన్ని బటర్‌ఫ్లై అంటారు. మామూలు కారులో ఆ ఒక్క తలుపూ దాటిన గాలి ముందొక పెద్ద పెట్టెలోకి చేరి, అక్కడి నుంచి నాలుగు దారులుగా చీలుతుంది. మీరు తొక్కగానే ముందు ఆ పెట్టె నిండాలి, తరవాతే సిలిండరుకు అందేది. ఎవరి తలుపు వారికి సిలిండరు ముంగిట్లోనే ఉంటే ఈ నిరీక్షణ లేదు. కాలు కదిలితే ఇంజను పలుకుతుంది. మరొకటి: రేసు ఇంజన్లలో లోపలి వాల్వు, బయటి వాల్వు కొంతసేపు రెండూ తెరిచి ఉండేట్టు చేస్తారు. అప్పుడు కాలిన పొగ కొంత వెనక్కి తంతుంది. ఉమ్మడి పెట్టె ఉంటే ఒకరి పొగ మరొకరి కంచంలో పడుతుంది. వేరుకాపురంలో ఆ గొడవ ఉండదు.

జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వారు 1986 నాటి ఎం-3 కారుకు, జపానులో టొయోటా వారు 1991లో తెచ్చిన ఇరవై వాల్వుల ఇంజనుకు కంపెనీ నుంచే ఇలా నాలుగు తలుపులు పెట్టి అమ్మారు. పెద్ద మోటారు సైకిళ్ళకైతే ఇది మామూలే. మావాడు పెట్టినవీ ఒక పాత మోటారు సైకిలువే. వాటి ఎడానికీ కారు ఇంజను రంధ్రాల ఎడానికీ పొత్తు కుదరదు గనక విడదీసి, మధ్య గొట్టాలు అల్యూమినియంతో పోతపోయించి బిగించాడు. పోత ఎక్కడ పోయించావని అడగలేదు. బావగారి పాత ఫౌండ్రీలోనేనని అక్కయ్య తరవాత చెప్పింది.

వేరుకాపురాల్లో ఉన్న చిక్కు కూడా ఇక్కడ ఉంది: నాలుగిళ్ళ లెక్కలూ చూడాలి. దాన్నే ట్యూనింగ్ అంటారు. మన సంగీతం వాళ్ళ మాటలో చెప్పాలంటే శ్రుతి చెయ్యడం.

శ్రుతి చెయ్యడానికి వచ్చినాయన డెబ్బై దాటిన మేస్త్రీగారు. మద్రాసు దగ్గర షోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల నుంచీ ఈ పనే. ఆయన ముందు కారు వంక చూడలేదు. "కాలిన పిస్టన్ తెచ్చి చూపించు" అన్నారు.

దాన్ని చాలాసేపు తిప్పి చూసి, "అప్పుడు కంప్యూటర్‌లో లెక్క ఎంత వచ్చింది?" అని అడిగారు.

"పదమూడు వచ్చింది. సరిగ్గా ఉందనే చెప్పారు" అన్నాడు మావాడు.

ఈ పదమూడు ఏమిటో చెబుతాను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి తూకంలో 14.7 పాళ్ళు గాలి కావాలి. కాని ఇంజను పూర్తి బలంతో లాగేటప్పుడు గాలి పన్నెండున్నర, పదమూడు పాళ్ళకే ఉంచి పెట్రోలు కాస్త ఎక్కువిస్తారు. ఆ ఎక్కువ పెట్రోలు లోపలి వేడిని కూడా కొంత తగ్గిస్తుంది. పెట్రోలు తక్కువైతే వేడి పెరిగి పిస్టన్ కరుగుతుంది. పొగగొట్టంలో ఒక పరికరం పెట్టి, పొగలో మిగిలిన ఆక్సిజనుబట్టి ఈ పాళ్ళు ల్యాప్‌టాప్ మీద చూసుకుంటారు.

"పరికరం ఎక్కడ పెట్టారు? నాలుగు గొట్టాలూ కలిసిన చోట, అవునా?"

"అవును."

"మూడింటికి పన్నెండున్నర, ఒకదానికి పదిహేను వస్తే కలిపి ఎంత కనపడుతుంది?"

మావాడు మాట్లాడలేదు. నేను మనసులో లెక్క కట్టాను. పదమూడు చిల్లర!

నాకు ఉన్నట్టుండి మా స్టాఫ్ రూం గుర్తొచ్చింది. క్లాసు సగటు అరవై రెండు అని బోర్డు మీద రాసి మేమంతా సంతోషించిన సంవత్సరాలున్నాయి. ఆ అరవై రెండు కింద పడి నలిగిన కుర్రవాడెవరో ఎవరం వెతకలేదు. రెండో పిస్టన్ అదే పని చేసింది పాపం.

పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, గీతలున్న నాలుగు గాజు గొట్టాల మీద నిలబెట్టి, ఒక్క నిమిషం చిమ్మించారు. మూడు గొట్టాల్లో ఒకే ఎత్తున నిలిచింది. రెండోదాంట్లో వేలెడు తక్కువ. లోపల ఏదో మట్టి పట్టింది. పోయిన ఇంజనుకు వాడినవీ ఆ ఇంజెక్టర్లే! గాజుల మీద అప్పు తెచ్చి కొన్న కొత్త ఇంజనును కూడా ఆ రెండో సిలిండరు దగ్గరే కాల్చేవాళ్ళమన్నమాట. కడిగించారు, మళ్ళీ చిమ్మించారు, నాలుగూ సమానమయ్యేదాకా.

ఇక గాలి సంగతి. ఇంజను బాగా వేడెక్కాక గాని మేస్త్రీగారు స్క్రూ ముట్టుకోలేదు. వేడికి అల్యూమినియం సాగుతుంది, తలుపుల్ని కలిపే కడ్డీ కొలత మారుతుంది, చల్లగా ఉన్నప్పుడు చేసిన శ్రుతి దారిలోనే జారిపోతుంది అన్నారు. తరవాత మూరెడు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస తన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస బూరల ముందు తిప్పారు. నా వంక చూసి, "సార్, మీరూ వినండి" అని నా చేతికిచ్చారు.

మొదటిది స్‌స్‌స్ అంటోంది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది కొంచెం బొంగురుగా, లావుగా ఉంది. చెప్పాను. ఆయన గాలి కొలిచే గేజీ ఒకటి తీసి ఒక్కొక్క బూరకే ఆనించారు. నాలుగు, నాలుగు, నాలుగు, అయిదున్నర!

"సార్‌కు చెవి ఉంది" అన్నారు. ఇరవై ఏళ్ళుగా యతి తప్పిన పద్యాలు విని విని ఇవాళ పనికొచ్చిందని పొంగిపోయాను. ఆ పొంగు ఎంతోసేపు లేదు లెండి. పావుగంట తరవాత "రెండోది నీరసంగా ఉంది" అని గంభీరంగా ప్రకటించాను. గేజీ చూస్తే సమానంగానే ఉంది. నా గుప్పిట్లో గొట్టం మడతపడింది!

మేస్త్రీగారు ముందు ఒకటీ రెండూ జత కలిపారు, తరవాత మూడూ నాలుగూ, చివర మధ్య స్క్రూతో రెండు జతల్నీ కలిపారు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు సరిపోతే చాలదట. కొంచెం తొక్కిపట్టి, నిమిషానికి రెండువేల అయిదువందల చుట్ల దగ్గర మళ్ళీ కొలవాలి. తలుపులు పూర్తిగా తెరుచుకున్నాక తేడా ఎలాగూ తెలియదు. ఓరగా తెరిచినప్పుడే వెంట్రుకవాసి తేడా కూడా గాలి పాళ్ళను మార్చేస్తుంది. పెట్రోలు మాత్రం కంప్యూటరు నలుగురికీ ఒకే కొలతలో పోస్తుంది. ఎక్కువ గాలి పీల్చినవాడే పస్తు.

ఆ రాత్రీ మర్నాడూ ల్యాప్‌టాప్ పని. మామూలు కార్లలో గాలి పెట్టెలోని వత్తిడి చూసి పెట్రోలు ఎంతో లెక్క కడతారు. ఈ నాలుగు గొంతుల్లో వత్తిడి గుండె కొట్టుకున్నట్టు ఎగిసి పడుతుంటుంది, నమ్మడానికి లేదు. అందుకని తలుపు ఎంత తెరిచారు, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ రెండే చూసి అంచనా వేస్తారు. అడ్డం పదహారు గళ్ళు, నిలువు పదహారు, వెరసి 256 గళ్ళ ఎక్కాల పుస్తకం. రోలర్ల మీద కారు నిలబెట్టి ఒక్కొక్క గడిలోనూ ఇంజనును ఆపి, పాళ్ళు చూసి, అంకె దిద్దడం. తలుపు తెరిచిన మొదటి కొసలోనే గళ్ళు దగ్గర దగ్గరగా వేశాడు మావాడు. సినిమా హాలు గేటు కాస్త ఓరగా తెరిస్తేనే గదా జనం తోసుకొచ్చేది! పూర్తిగా తెరిచాక ఇంకో అడుగు తెరిచినా లాభమేముంది? ఊటీ ఎక్కితే గాలి పలచబడుతుందని కూడా ఈ పుస్తకానికి తెలియదు. దానికి వేరే ఒక వాతావరణపు కొలత తగిలించాడు. ఎక్కడా తొందరపడలేదు. ఈ కుర్రవాడికేనా నేను బుద్ధి చెప్పడానికి వచ్చింది అనుకున్నాను.

ఒక్కచోట నేను గట్టిగా పట్టుబట్టాను. కారు దించి అటూ ఇటూ కదిపినప్పుడు బ్రేకు రాయిలా ఉందన్నాడు వాడు. మన కాలి బలానికి తోడుగా బ్రేకును లాగే డబ్బా ఒకటుంటుంది. అది పనిచేసేది ఇంజను పీల్చే పీల్పుతోనే. దానికి మావాడు ఒక్క గొంతు నుంచే గొట్టం ఇచ్చాడు. ఆ ఒక్క పీల్పూ చాలడం లేదు. "తరవాత చూద్దాం మామయ్యా" అన్నాడు. "మీ అమ్మకు నేనేం చెప్పుకోవాలిరా?" అన్నాను. మేస్త్రీగారు నావైపే. నాలుగు గొంతుల నుంచీ నాలుగు సన్నని గొట్టాలు లాగి, ఒక చిన్న పెట్టెలో కలిపి, అక్కడి నుంచి వెనక్కి రాని వాల్వు పెట్టి బ్రేకు డబ్బాకు ఇచ్చారు. దానికి సగం రోజు పట్టింది.

నాలుగో రోజు పొద్దున చెట్టిపాళయం. మొదటి చుట్టు నెమ్మదిగా, రెండోది కాస్త గట్టిగా. మూడో చుట్టులో కారు చివరి మలుపు తిరిగి తిన్నని దారిలోకొచ్చి నాలుగు గొంతులూ ఒక్కసారి ఎత్తుకున్నాయి. ఎవరో నా భుజం పక్కన నిలబడ్డట్టయి చూస్తే, బావగారు! ఆటోలో వచ్చారు. బ్యాంకువాళ్ళ ఉత్తరం ఆయన చేతికే వచ్చిందట.

ఆరు చుట్లు తిరిగి కారు ఆగింది. వేడి మీదే నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, తెల్లగుడ్డ మీద వరసగా పెట్టారు. ప్లగ్గు కొస రంగు చూస్తే సిలిండరు లోపలి సంగతి తెలుస్తుందట. బావగారు గొంతుక్కూర్చుని కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"పోయినసారి కాలింది ఏదిరా?"

"రెండోది నాన్నా."

రెండోది తీసి మూడోదాని పక్కన పెట్టి చూశారు. మొదటిదాని పక్కన పెట్టి చూశారు. ఏది ఏదో మళ్ళీ ఆయనకే తెలియలేదు. నాలుగింటిదీ ఒకటే లేత గోధుమరంగు.

"వడ్డీ ఎంత వేస్తున్నార్రా బ్యాంకువాళ్ళు?" అన్నారు.

వాడు చెప్పాడు. ఆయన ఏమీ అనకుండా ప్లగ్గులు బిగించే పానా వెతికి వాడి చేతికిచ్చారు.