గ్రహములు పుట్టు పళ్లెరములో వాయువెంత?

జూన్ నెల చివర, మబ్బులేని రాత్రి పదిగంటలకు జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని మేడపై నిలిచి దక్షిణమునకు చూచినచో, దిక్చక్రమునకును నడినెత్తికిని సుమారు మధ్యగా ఎఱ్ఱని చుక్క యొకటి కానవచ్చును. అది వృశ్చికరాశిలోని జ్యేష్ఠ. దాని పరిసరములలో కంటికానని పసినక్షత్రముల గుంపులు గలవు. వానిలో పెక్కింటి చుట్టును వాయువు, ధూళి కలిసి పళ్లెరమువలె తిరుగుచున్నవి. ఈ పళ్లెరములలోనే గ్రహములు పుట్టును. గురుగ్రహమువంటి మహాగ్రహము పుట్టవలెనన్న వాయువు సమృద్ధిగా నుండవలెను. ఎంత యున్నదో తెలియుటెట్లు?

ఈ వాయువులో అధికభాగము హైడ్రోజను. చిక్కంతయు అక్కడనే యున్నది. హైడ్రోజను అణువులో రెండు పరమాణువులును సరిసమానములు. ఒక కొన ధనము, ఒక కొన ఋణము అను భేదము లేదు. అందుచే చలిలో అది దాదాపు మౌనముగా నుండును. దానిని పలికింపవలెనన్న కొన్ని వందల డిగ్రీల వేడిమి కావలెను. పళ్లెరములో అధికభాగము సున్న సెంటీగ్రేడుకు 200 డిగ్రీలకంటె దిగువను గడ్డకట్టు చలి!

కనుక పలుకు అణువును వెదకవలెను. సిరిసిల్ల మరమగ్గముపై తెల్లని గుడ్డలో పదివేల తెల్లపోగులకు ఒక ఎఱ్ఱపోగు చొప్పున నేసిరనుకొనుడు. ఎఱ్ఱపోగులను లెక్కించి పదివేలతో గుణించినచో మొత్తము తేలును. ఇచ్చట ఎఱ్ఱపోగు కార్బన్ మోనాక్సైడు. నక్షత్రముల నడిమి వాయువులో దాని పాలు సుమారు పదివేలకొకటి. కాని గుడ్డ మడతపడినచో లోపలి పోగులు కనబడవు. అట్లే పైపొరలలోని కార్బన్ మోనాక్సైడు లోపలిదానిని కప్పివేయును. అందుకై అరుదైన బరువు కార్బను, బరువు ఆక్సిజనుగల అణువులను చూతురు. ఇంకొక చిక్కు: సుమారు −250 డిగ్రీల చలిలో ఈ వాయువు ధూళిరేణువులపై మంచై పేరుకొనును. అప్పుడు ఎఱ్ఱపోగే మాయమగును.

ధూళిని కొలిచి నూరుతో గుణించుట మఱియొక పద్ధతి. సులువే, కాని ఆ నూరు కొలిచినది కాదు, నమ్మినది.

హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని వేఱొక సాక్షిని పట్టినది: ఒక మామూలు హైడ్రోజను, ఒక భార హైడ్రోజను కూడిన అణువు. రెండు కొనలు సమానములు కావు గనుక, ఇది 112 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యమున సన్నగా పలుకును. సుమారు 196 కాంతి సంవత్సరముల దూరముననున్న టి.డబ్ల్యు. హైడ్రే నక్షత్రపు పళ్లెరములో దీనిని కొలిచి, వాయువు సూర్యుని ద్రవ్యరాశిలో ఇరువదవ వంతుకు, అనగా సుమారు 50 గురుగ్రహములకు, తక్కువ కాదని 2013లో ప్రకటించిరి. కార్బన్ మోనాక్సైడు లెక్కలు కొన్ని దీనిలో నూరవ వంతే చెప్పియుండెను! ఆ యేడే హెర్షెల్‌లోని ద్రవహీలియము హరించి దాని పని ముగిసినది.

తరువాత చిలీ దేశపు ఎడారిలో 5,000 మీటర్ల యెత్తుననున్న ఆల్మా దూరదర్శినులు మఱొక ఉపాయము పన్నినవి. రెండు నైట్రోజనులు, ఒక హైడ్రోజను చేరిన విద్యుదావేశపు అణువొకటి గలదు; కార్బన్ మోనాక్సైడు దానిని నాశనము చేయును. కనుక అది హెచ్చుగా కనబడినచోట కార్బన్ మోనాక్సైడు లోపించినదని గ్రహించి లెక్క సవరింపవచ్చును. ఇట్లు జ్యేష్ఠ పరిసరములలోని మూడు గుంపులనుండి 30 పళ్లెరములను పరీక్షించి 2025లో ఫలితములు ప్రకటించిరి. పది లక్షల ఏండ్లు నిండని పళ్లెరములలో వాయువు సాధారణముగా కొన్ని గురుగ్రహములంత. పది నుండి ముప్పది లక్షల ఏండ్ల వానిలో ఒక గురుగ్రహమంతయు లేదు. మహాగ్రహములు పుట్టవలెనన్న త్వరపడవలసినదే.

అణువుల పాలుతో పనిలేని త్రోవయు నొకటి గలదు. కెప్లరు నియమము పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది ప్రీతి గొలుపును. పళ్లెరము బరువైనదైనచో దాని ఆకర్షణయు నక్షత్రముదానితో చేరి, వెలుపలి వాయువు వేగము కెప్లరు లెక్కకు కొంచెము తప్పును. ఎలియాస్ 2-27 అను నక్షత్రము చుట్టు ఈ తేడాను పట్టి, పళ్లెరము సూర్యునిలో నూటికి సుమారు 8 వంతులని 2021లో తేల్చిరి. అయితే పళ్లెరపు బరువు తన నక్షత్రములో సుమారు ఇరువదవ వంతుకు తగ్గినచో ఆ తేడా చేతికి చిక్కదు.